ఆరేళ్లుగా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌తో

కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర మాది చిన్న డీటీపీ దుకాణం. పాత పద్యాల పుస్తకాలను, పదకోశాలను, ఏది శీర్షికో ఏది పద్యమో గుర్తులు పెట్టి రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి ఎక్కించి వెబ్ పేజీలుగా మార్చి ఇస్తాం. పుస్తకానికి వంద దాకా ఫైళ్లు. మొదట్లో ఒక్కొక్కటే తెరిచి మార్చేవాణ్ని. ఒక మధ్యాహ్నం ఎనభయ్యో ఫైలు దగ్గర కరెంటు పోయింది. విసుగెత్తి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ పట్టుకున్నాను. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లను వెబ్ పేజీల వంటి మరో రూపంలోకి మార్చే ప్రోగ్రాము ఇది.

దీనికి కిటికీలు, బటన్లు లేవు. ఫోల్డర్‌లోని ప్రతి ఫైలుకూ స్టైల్‌షీట్ (ఏ భాగం ఎలా మారాలో చెప్పే నియమాల ఫైలు) వర్తింపజేసి, ఫలితాన్ని అదే పేరుతో మరో ఫోల్డర్‌లో పెట్టే నాలుగు వరుసల షెల్ లూప్ (ఆదేశాలు టైపు చేసే షెల్‌లో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే వరుసలు) చాలు. టీ చల్లారేలోపు పుస్తకం తయారు. శీర్షికల తీరు మార్చమంటే స్టైల్‌షీట్‌లో ఒకచోట దిద్ది మళ్లీ నడిపిస్తాను.

నష్టపోయిన రోజులూ ఉన్నాయి. ఒకసారి ఫలితాన్ని మూలం ఫైళ్ల మీదికే మళ్లించాను. షెల్ ముందు గమ్యం ఫైలును ఖాళీ చేసి, ఆ తర్వాతే ప్రోగ్రామును పిలుస్తుంది. ఇక చదవడానికి ఏముంది? పెన్‌డ్రైవ్‌లో వారం కిందటి ప్రతి ఉండబట్టి బతికాను. తప్పు నాదే, కోపం మాత్రం షెల్ మీద. మరోసారి ఒక ఫైలులో అండ్ గుర్తు (&) సరిగా రాయలేదు; ఆ ఒక్క అధ్యాయం ఖాళీగా వచ్చింది, లూప్ మాత్రం ఏమీ జరగనట్టు ముందుకు సాగింది. మూల పత్రంలో దోషముంటే ప్రోగ్రాము 6 అనే సంఖ్యతో ముగుస్తుంది. ఇప్పుడు సున్నా కానిదేదైనా వస్తే లూప్ అక్కడే ఆగుతుంది.

అసలు చిక్కు పదసూచికతో. భాష పేర్కొనకపోతే ఇది యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) వరసలోనే అమరుస్తుంది. అందులో 'ళ' వచ్చి 'ల' పక్కన కూర్చుంటుంది. మన నిఘంటువుల్లో దాని చోటు 'హ' తర్వాత. చివరికి, వరస పెట్టేటప్పుడు మాత్రం 'ళ'ను అవగ్రహంగా (ఽ) మార్చాను. యూనికోడ్‌లో ఆ గుర్తు 'హ'కూ గుణింతపు గుర్తులకూ మధ్య ఉంటుంది. ఈ ఉపాయం తట్టడానికి రెండు రాత్రులు పట్టింది.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ మాత్రం స్టైల్‌షీట్లు రాసే భాషలో 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 దగ్గరే ఉంది. అక్షరాలవారీగా పదాలను గుంపులు చేయడం అందులో చుట్టుదారి; 2007లో వచ్చిన 2.0లో ఒక్క ఆదేశంతో అయిపోతుంది. అందుకే ఇప్పుడు సూచికలకు 2.0 తెలిసిన, జావాతో నడిచే సాక్సన్ అనే ప్రోగ్రామును వాడుతున్నాను. ఫైలుకోసారి పిలిస్తే జావా లేచేసరికే ఆలస్యం. ఫోల్డర్ పేరే ఇస్తే ఒక్కసారి లేచి అన్నీ ముగిస్తుంది. మిగతాదంతా పాతదానితోనే.

కొత్తగా చేరిన అబ్బాయికి లూప్ ఒక పూటలో వచ్చింది. నేమ్‌స్పేస్ (గుర్తుల పేర్లు ఏ సమూహానివో చెప్పే చిరునామా) ప్రకటించకపోతే ఏ నియమమూ తగలక అక్షరాలు మాత్రమే గుట్టగా ఎందుకు వస్తాయో మాత్రం నెల రోజులుగా చెబుతూనే ఉన్నాను.