స్విచ్ 2లో సైబర్‌పంక్ 2077: డీఎల్‌ఎస్‌ఎస్ ఎక్కడ ఆదుకుంది, ఎక్కడ చేతులెత్తేసింది

నింటెండో స్విచ్ 2 కన్సోల్‌కి మలిచిన సైబర్‌పంక్ 2077 గేమ్ ఇది. చేతిలో పట్టుకుని ఆడేవాళ్లు ఈ పోర్ట్‌ని నిస్సంకోచంగా కొనచ్చు. టీవీకి పెట్టి ఆడదామనుకుంటే మాత్రం ముందు ఆ టీవీ 120 హెర్ట్జ్‌దా, 60 హెర్ట్జ్‌దా (తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) చూసుకోండి. ఎందుకో కిందకొచ్చాక తెలుస్తుంది.

2025 జూన్ 5న కన్సోల్‌తో పాటే ఇదీ విడుదలైంది. ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ కలిపి గేమ్ మొత్తం 64 జీబీ గేమ్ కార్డులోనే ఉంది, ఈ పద్ధతి మెచ్చుకోదగ్గది. డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లకి కన్సోల్‌లోని 256 జీబీ చాలకపోతే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కొనాలి. పాత స్విచ్‌లో వాడిన మామూలు మైక్రోఎస్‌డీ నుంచి స్విచ్ 2 గేములు నడవవు.

డీఎల్‌ఎస్‌ఎస్ అంటే తక్కువ పిక్సెళ్లతో గీసిన బొమ్మని ఏఐతో పెద్దది చేసే (అప్‌స్కేలింగ్) ఎన్విడియా పద్ధతి. దానికి టెన్సర్ కోర్లు, అంటే ఏఐ లెక్కల కోసం విడిగా ఉండే భాగాలు కావాలి. పాత స్విచ్‌లోని టెగ్రా ఎక్స్1 చిప్‌లో అవి లేవు. అందుకే 2019లో వచ్చిన విచర్ 3 చేతిలో 540పీకి దిగి మసకబారింది. నో మ్యాన్స్ స్కై తర్వాత ఎఫ్‌ఎస్‌ఆర్ 2 అనే ఏఎండీ అప్‌స్కేలింగ్ తెచ్చుకుంది కానీ, ఆ పని కూడా బొమ్మ గీసే షేడర్ల మీదే పడుతుంది. స్విచ్ 2 చిప్ ఎన్విడియా ఆంపియర్ తరానిది. అందులో ఈ లెక్కలకి విడిగా టెన్సర్ కోర్లు ఉన్నాయి.

డీఎల్‌ఎస్‌ఎస్ ప్రతి ఫ్రేమ్‌లో కెమెరాని పిక్సెల్‌లో కొంత వంతు జరిపి, పాత ఫ్రేముల సమాచారాన్ని మోషన్ వెక్టర్లు (ఏది ఎటు కదిలిందో), డెప్త్ (ఏది ఎంత దూరంలో ఉందో) సాయంతో కొత్తదానిలో కలుపుతుంది. 1080పీ అంటే 20.7 లక్షల పిక్సెళ్లు, 720పీ అంటే 9.2 లక్షలు. లోపల 720పీ గీసి 1080పీకి పెంచితే సగానికి పైగా గీత పని తప్పుతుంది. నిలబడి చూస్తే నియాన్ బోర్డుల మీది అక్షరాలు చక్కగా తేటగా ఉంటాయి. కదిలితేనే తంటా. మనిషి పక్కకి తప్పుకోగానే అతని వెనక బయటపడిన గోడకి పాత ఫ్రేముల్లో సమాచారం ఉండదు కాబట్టి, అంచు చుట్టూ ఒకట్రెండు ఫ్రేముల పాటు గరుకుగా కనిపిస్తుంది. జుట్టు, జాలీ కంచెలు, వాన, పొగ దగ్గర ఇది ఇంకా ఎక్కువ. పొగలాంటి పారదర్శకమైన వాటికి సరైన మోషన్ వెక్టర్లు దొరక్క వెనక చారలు మిగులుతాయి.

మరి 4కే ఎందుకు ఇవ్వలేదు? డీఎల్‌ఎస్‌ఎస్ ఖర్చు ప్రధానంగా అవుట్‌పుట్ సైజుని బట్టి పెరుగుతుంది, 4కే అంటే 1080పీకి నాలుగింతలు. 40 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 40 ఫ్రేములు) ఫ్రేముకి 25 మిల్లీసెకన్లే ఉంటాయి. ఇంత చిన్న చిప్‌లో అందులో పెద్ద వాటా అప్‌స్కేలింగే తినేస్తే గీయడానికి ఏం మిగులుతుంది? డాక్‌లో (టీవీకి కలిపే స్టాండ్‌లో) కూడా 1080పీ దగ్గరే ఆగడం సరైన నిర్ణయం. 4కే టీవీలో కాస్త మెత్తగా కనిపిస్తుంది, అంతే.

క్వాలిటీ మోడ్ 30 ఎఫ్‌పీఎస్, పర్ఫార్మెన్స్ మోడ్ 40. చేతిలో పర్ఫార్మెన్స్ పెడితే అవుట్‌పుట్ 720పీకి తగ్గుతుంది, అయినా 7.9 అంగుళాల తెరకి అదే నయం. ఆ తెర 120 హెర్ట్జ్‌ది, 40 అందులో మూడుసార్లు సరిగ్గా పడుతుంది. 60 హెర్ట్జ్ టీవీలో 40 సమంగా పడదు, కెమెరా తిప్పినప్పుడల్లా కుదుపు. డాక్‌లో వీఆర్‌ఆర్ (ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర తన వేగం మార్చుకోవడం) కూడా లేదు. కాబట్టి అలాంటి టీవీకి క్వాలిటీ మోడే పెట్టండి. 120 హెర్ట్జ్ టీవీ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద 120 హెర్ట్జ్ అవుట్‌పుట్ ఆన్ చేసి, టీవీ రిజల్యూషన్‌ని 1080పీ లేదా 1440పీకి మార్చండి. 4కేలో డాక్ 60 దాటి ఇవ్వదు. కన్సోల్‌తో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబులే వాడండి.

గేమ్‌లోని డాగ్‌టౌన్ ప్రాంతంలో జనం గుమిగూడినచోట ఫ్రేములు పడిపోతాయి. మోడ్ మార్చినా పెద్దగా లాభం లేదు. ఆ జనాన్ని, ట్రాఫిక్‌ని, ఫిజిక్స్‌ని నడిపేది సీపీయూ, అప్‌స్కేలింగ్ తగ్గించేది బొమ్మ గీసే జీపీయూ పనిని మాత్రమే. స్టార్ వార్స్ అవుట్‌లాస్ గేమ్ ఇదే కన్సోల్‌లో డీఎల్‌ఎస్‌ఎస్‌తో మిగిల్చిన శక్తిని రే ట్రేసింగ్‌కి (వెలుగు ఎలా పడుతుందో లెక్కగట్టే పద్ధతి) పెట్టి 30 దగ్గరే ఆగింది. గురిపెట్టి కాల్చే గేమ్‌కి ఇక్కడిలా 40 వైపు మొగ్గడమే మంచిది.

మొదలుపెట్టగానే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఫిల్మ్ గ్రెయిన్ (సినిమా రీలు లాంటి గరుకు), క్రొమాటిక్ అబెరేషన్ (అంచుల్లో రంగు చెదరడం) ఆపేయండి. అప్‌స్కేలింగ్ కష్టపడి తెచ్చిన స్పష్టతని ఈ రెండూ పాడుచేస్తాయి. మోషన్ బ్లర్‌ని (కదలికలో వచ్చే మసక) మాత్రం 30లో తక్కువ మోతాదులో ఉంచితే అంచుల గరుకు కొంత కప్పబడుతుంది. 40లో దాన్ని కూడా తీసేయచ్చు.