గాలానికి పోరుమామిళ్ల చెరువా, బ్రహ్మంసాగరా?

కడప నుంచి ఆదివారం గాలం పట్టుకుని బయల్దేరితే నా ఓటు పోరుమామిళ్ల చెరువుకే. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు ఇది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి శాసనమే చెబుతుంది. ఆ కట్ట మీద కూర్చోవడమే నాకు పెద్ద సంతోషం! తూడు మొక్కల అంచున గాలానికి వానపాము గుచ్చి వదిలితే తాడుకు కట్టిన బెండు ముందు సన్నగా వణుకుతుంది. అప్పుడే లాగకూడదు. ఒక్కసారిగా నీళ్లలోకి మునిగాకే లాగాలి. కొర్రమీనుకైతే చిన్న కప్ప మేలు. కాకపోతే వానలు తగ్గిన ఏడాది చెరువులో నీళ్లుండవు, ముందే ఎవరినైనా అడిగి వెళ్లండి.

బ్రహ్మంసాగర్ జలాశయానికి తెలుగుగంగ కాలువలో కృష్ణ నీళ్లు వస్తాయి. పెద్ద బొచ్చె చేపల మీద ఆశ ఉంటే అటే పోవాలి. కానీ లోతెక్కువ, నీడ తక్కువ. ఎండా గాలీ పిల్లలు తట్టుకోలేరు, ఈత రానివాళ్లను అంచుకు పోనివ్వొద్దు.

ఎక్కడికెళ్లినా చేపల హక్కు మత్స్యకారుల సంఘానిదేమో కనుక్కోండి. అది వాళ్ల బతుకుదెరువు. అడగకుండా గాలం వేయకండి.