షుగర్ రీడింగులతో "గుండె రిస్క్ స్కోరు" ప్యాకేజీలు: కొనేముందు జాగ్రత్త

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లి, చేతికి 14 రోజుల గ్లూకోజ్ సెన్సర్ అంటించి, "పదేళ్లలో గుండెపోటు అవకాశం ఇంత శాతం" అంటూ రంగురంగుల పీడీఎఫ్ పంపే ప్యాకేజీ ఇది. పేరెందుకుగానీ, ఆ రిపోర్టులో బీపీ అంకే లేదు. సిగరెట్ తాగుతారా, బీపీ మాత్రలు వాడుతున్నారా అని అడగనే లేదు. మరి శాతం ఎక్కణ్నుంచి వచ్చింది?

గుండె జబ్బు రిస్క్ అంచనా కట్టడానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో తెచ్చిన ప్రివెంట్ లెక్కకి వయసు, పై బీపీ, టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), పొగతాగే అలవాటు, షుగర్ జబ్బు, కిడ్నీ పనితీరు అన్నీ కావాలి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఉంటే కలపొచ్చు, లేకపోయినా లెక్క వస్తుంది. సెన్సర్ గీతలకి అందులో చోటే లేదు.

అసలు తేడా వచ్చేది రక్తం పట్టే ట్యూబు దగ్గర. గ్లూకోజ్‌కి బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబు వాడాలి. మామూలు ట్యూబులో రక్తకణాలు గ్లూకోజ్‌ని వాడేసుకుంటూనే ఉంటాయి, గంటకి సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. బైకు మీద సంచిలో మూడు గంటలు తిరిగితే పరగడుపు షుగర్ 108 కాస్తా 90కి దిగొచ్చు. ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకి ముందు దశ) ఉన్నవాళ్లు కాగితం మీద నార్మల్ అయిపోతారు! అదే అంకెని ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగిస్తే వచ్చే హోమా-ఐఆర్ (ఇన్సులిన్ ఒంటికి ఎంత పట్టట్లేదో చెప్పే అంకె) కూడా తప్పే. హెచ్‌బీఏ1సీకి ఊదారంగు మూత ట్యూబు. ఐరన్ తక్కువైతే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు, కాబట్టి పక్కన హిమోగ్లోబిన్ లేని రిపోర్టుని అనుమానించండి.

సెన్సర్ కొలిచేది రక్తం కాదు, చర్మం కింది ద్రవం. 5 నుంచి 15 నిమిషాలు వెనకే ఉంటుంది. మొదటి రోజు అంకెలు నిలకడగా ఉండవు. ఆ చేతి మీద పడుకుంటే సెన్సర్ నొక్కుకుపోయి, అర్ధరాత్రి షుగర్ 55కి పడిపోయినట్టు తప్పుగా చూపించి భయపెట్టొచ్చు. అన్నం తిన్నాక కాసేపు 140 దాటడం షుగర్ లేనివాళ్లలోనూ ఉంటుంది. దాన్ని "గుండెకి ప్రమాదం" అని చూపించి పౌడర్ డబ్బాలు అంటగడుతున్నారు, అక్కడే వ్యాపారమంతా.

డబ్బు కట్టేముందు ఏ లెక్క వాడతారో రాసివ్వమనండి. రక్తం తీసేటప్పుడు మూతల రంగు చూడండి. రిపోర్టులో శాంపిల్ తీసిన టైమూ, ల్యాబుకి అందిన టైమూ విడివిడిగా ఉండాలి. రెండూ ఒకటే అని ముద్రిస్తే ఆ గ్లూకోజ్ అంకెని పక్కనపెట్టి, దగ్గర్లోని ల్యాబుకే వెళ్లి 10-12 గంటల పరగడుపున మళ్లీ ఇవ్వండి. డబ్బు వాపసు ఇవ్వనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, బిల్లు దగ్గర పెట్టుకుని చేయండి.