సన్‌రూఫ్ తెర వంకరగా నడుస్తోందా? స్లైడర్ కిట్ ఎంతవరకు పనికొస్తుంది

కారు పైకప్పులో పెద్ద అద్దంతో ఉండే పనోరమిక్ సన్‌రూఫ్ కింద మోటారుతో కదిలే గుడ్డ తెర మొరాయించిందంటే సర్వీస్ సెంటర్‌లో ఎక్కువగా వినబడే మాట ఒకటే: "అసెంబ్లీ మొత్తం మార్చాలండీ". బిల్లు పదివేలల్లోకి పోతుంది. అప్పుడే ఆన్‌లైన్‌లో వందల్లో దొరికే, తెర ముందు బద్దను రెండు పక్కలా ట్రాక్‌లో జరిపే ప్లాస్టిక్ స్లైడర్ల కిట్ మీదికి చూపు పోతుంది. 2019లో ఎంజీ హెక్టర్, 2020లో రెండో తరం హ్యుందాయ్ క్రెటా పనోరమిక్ రూఫ్‌తో వచ్చాక ఈ తెర మన ఇళ్ల ముందుండే బండ్లలో మామూలైపోయింది. వాటిలో తొలి బండ్లకు వారంటీ దాటిపోయే వయసు కూడా వచ్చింది. కిట్ మంచిదే, కానీ అది కుదిర్చే జబ్బు ఒక్కటే.

ఆ జబ్బేదో కొనకముందే తేల్చుకోవాలి. స్విచ్ నొక్కినప్పుడు తెర ముందుండే బద్ద ఒక పక్క ముందుకు పోయి, రెండో పక్క వెనకబడితే స్లైడర్ విరిగినట్టే. కిట్ పని అక్కడే. రెండు పక్కలా సమంగా వచ్చి మధ్యలో ఆగి వెనక్కి పోతుంటే ట్రాక్‌లో దుమ్మైనా ఉండాలి, బ్యాటరీ తీసినప్పుడు రీసెట్ (తెర ఎక్కడిదాకా పోవాలో మోటారుకున్న గుర్తు) అయినా పోయుండాలి. చప్పుడే లేకపోతే ఫ్యూజు, స్విచ్, మోటారు వరసగా చూడాలి. మోటారు గరగరలాడుతున్నా తెర కదలకపోతే గేరు పళ్లో కేబులో అరిగాయని అర్థం. గుడ్డ అంచు ట్రాక్‌లోంచి ఊడి జోలెలా వేలాడుతుంటే ఏ స్లైడరూ చేసేదేమీ లేదు, గుడ్డతో సహా అది చుట్టుకునే రోలరు మార్చాల్సిందే.

స్లైడరే ఎందుకు విరుగుతుందంటే, వెనక రోలరు లోపలున్న స్ప్రింగు తెరను ఎప్పుడూ తన వైపుకు చుట్టుకోవాలనే చూస్తుంది. మోటారు రెండు కేబుళ్లను ముందుకు తోసి బద్దను ఎదురు లాక్కొస్తుంది. అంటే తెర మూసి ఉన్నంతసేపూ ఆ లాగుడంతా రెండు స్లైడర్ల చిన్న ప్లాస్టిక్ మెడల మీదే పడుతుంది. పైన అద్దం, ఆ పైన రెంటచింతల ఎండ. బండి ఎండలో నిలబెట్టినప్పుడే తెర మూస్తాం కదా, వేడీ బరువూ ఒకేసారి తగిలి మెడ సన్నగా ఉన్నచోట చిట్లుతుంది. విరిగినదాన్ని సూపర్ గ్లూతో అతికించబోవద్దు. ఇలాంటి స్లైడర్లు ఎక్కువగా ఎసిటాల్ అనే జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు, దానికి జిగురు పట్టదు.

కిట్‌లో బొటనవేలంత ముక్కలు రెండుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. కొన్నింటిలో స్ప్రింగు రేకులు, మరలు కూడా ఇస్తారు. బండి పేరు చూసి ఆర్డరు పెట్టడం పెద్ద పొరపాటు. రూఫ్‌లను వెబాస్టో, ఇనాల్ఫా లాంటి సంస్థలు చేసి కార్ల కంపెనీలకు ఇస్తుంటాయి. కాబట్టి పాత ముక్క మీద అచ్చయిన నంబరు, మెడ పొడవు, కొక్కెం ఆకారం మూడూ సరిపోవాలి. ఈ కిట్లలో కనిపించే లోపం ఫినిషింగ్‌ది. అచ్చు అతుకు దగ్గర గోటికి తగిలే గరుకు అంచు మిగిలిపోతుంది. దాన్ని 400 నంబరు ఎమెరీ కాగితంతో పోగొట్టి, గ్రీజు లేకుండానే ట్రాక్‌లో వేలితో తోసి చూడాలి. ఎక్కడైనా పట్టేస్తే మళ్లీ రుద్దాలి. గ్రీజు పూసి సరిపెడితే నెల తిరక్కముందే మళ్లీ మొదటికొస్తుంది. విరిగింది ఒకటే అయినా రెండూ మార్చండి, రెండోది కూడా అంతే ఎండ తిన్నది.

బిగించడంలో అసలు జాగ్రత్త స్ప్రింగు దగ్గరే. బద్ద వదిలేస్తే గుడ్డ టేపు కొలబద్దలా ఫట్‌మని రోలరులోకి పోతుంది, స్ప్రింగు బిగువు పోతుంది. అందుకే ముందు బద్దను రెండు చోట్ల క్లాంపుతో పట్టించాలి. కొన్ని బండ్లలో అద్దం తీస్తే పైనుంచే చెయ్యి అందుతుంది. అద్దం మరలు చాలావాటికి టోర్క్స్ (నక్షత్రం గాడి ఉండే మర) టీ25 సైజు. విప్పే ముందు అంచుల వెంట మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టాలి, లేదంటే ఎత్తు కుదరక గాలి ఈలేస్తుంది. మిగతా బండ్లలో లోపలి రూఫ్ లైనింగ్ దించాల్సిందే. లైనింగ్ అంచుల వెనక, తలుపుల పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటాయి కాబట్టి బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగాలి. ఈ పని అలవాటున్న మెకానిక్‌కే వదలడం మేలు. మూలల్లో నీళ్లు పోయే గొట్టాలు మళ్లీ తొడిగారో లేదో మాత్రం అడిగి మరీ చూడండి. మరిచిపోతే మొదటి వానకే సీట్లు తడుస్తాయి.

స్లైడర్లు ఎక్కాక ముందువైపు ఫ్రేము నుంచి బద్ద దాకా రెండు వైపులా కొలవాలి. తేడా 2 మి.మీ. దాటితే కేబుల్ పన్ను జారిందన్నమాట. మోటారు దించి కేబుళ్లను సమం చేసి మళ్లీ ఎక్కించాలి. తర్వాత ట్రాక్‌ను పొడి బ్రష్‌తో శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టొద్దు, అది దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది.

రీసెట్ అన్నిటికంటే చివర. హ్యుందాయ్ తరహా రూఫుల్లో అద్దం, తెర పూర్తిగా మూసి, ఇంజిను నడుస్తుండగా స్విచ్‌ను ముందుకు పది సెకన్ల పాటు నొక్కి పట్టాలి. తెర కాస్త కదిలి ఆగాక వదిలి, వెంటనే మళ్లీ నొక్కాలి. తెర తెరుచుకుని, అద్దం లేచి, జరిగి, అన్నీ మళ్లీ మూసుకునే దాకా వేలు తీయకూడదు. మిగతా బండ్లకు ఓనర్ మాన్యువల్ చూసుకోవాలి. ట్రాక్ పట్టేస్తుండగానే రీసెట్ చేస్తే ఆ బిగుతునే మోటారు మామూలనుకుంటుంది. అప్పుడు తెరకు అడ్డం వచ్చిన పిల్లల వేలికీ, పట్టేసిన ట్రాక్‌కీ తేడా సరిగ్గా పోల్చుకోలేదు.

డబ్బు చెల్లించే ముందు బండిని మధ్యాహ్నం ఓ గంట ఎండలో పెట్టించి, తెరను పదిసార్లు తెరిచి మూయించండి. చల్లని షెడ్డులో సాఫీగా నడిచే తెర వేడెక్కాక పట్టేయడం మామూలే.