హ్యాండిల్ అందే చోట ఉన్న సైకిల్: బీచ్ రోడ్డులో కొన్నేళ్లు తొక్కాక

ఈ సైకిల్లో నాకు బాగా నచ్చింది ఒక్కటే. హ్యాండిల్ నాకు అందే చోట ఉంది. వైజాగ్ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా 25 కిలోమీటర్ల పైచిలుకు తొక్కినా చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కవు, మెడ పట్టెయ్యదు. ఇంతకుముందున్న సైకిల్ మీద రుషికొండ చేరేసరికే చేతులు విదిలించుకోవాల్సి వచ్చేది. అదీ మీడియం సైజే, ఇదీ మీడియం సైజే.

గేర్లు, బ్రేకుల సంగతి కంపెనీ కాగితంలోనే ఉంటుంది, వాటి జోలికి పోను. స్టీలు ఫ్రేము, కాస్త వెడల్పు టైర్లు, వెనక క్యారియర్ బిగించుకునే వీలున్న టూరింగ్ రకం.

సీటు ఎత్తు అందరూ చూసుకుంటారు. పెడల్ బాగా కిందికి ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి, మామూలుగా తొక్కుతున్నప్పుడు మోకాలు కొద్దిగా వంగాలి. అది ఏ సైకిల్‌కైనా సరిచేసుకోవచ్చు. సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే దూరం అలా కాదు, చాలావరకు ఫ్రేముతోనే వచ్చేస్తుంది. పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని ముందు గొట్టానికి కలిపే ముక్క) వేసి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించవచ్చు. సీటు ముందుకు జరిపి దూరం తగ్గిద్దామంటే మోకాళ్లు పట్టేస్తాయి. నాకు కాళ్లు పొడుగు, నడుము పైభాగం పొట్టి. మనిషి ఎత్తు ఒక్కటే చూసి సైజు ఇచ్చేసే పద్ధతి నాలాంటివాళ్లకు పనికిరాదు. కంపెనీ కొలతల పట్టికలో రీచ్, స్టాక్ అని రెండు అంకెలుంటాయి. ఫ్రేము ముందుకు ఎంత సాగి ఉందో, ఎంత ఎత్తుందో అవే చెబుతాయి. పెయింటు చూసే ముందు వాటిని చూడండి. స్టెమ్ కింద రింగులు తీసేసి ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు నుంచి పైకొచ్చే గొట్టం కోసేస్తామని షాపులో అంటే మాత్రం ఒప్పుకోకండి. కోశాక హ్యాండిల్ పైకి లేపడం కష్టం.

ఇంత సుఖమైన బండి ఒకసారి బాగా ఏడిపించింది. మెత్తటి జెల్ సీటు తీసేసి కాస్త గట్టి సీటు వేయించాను. మెత్తటిది మొదట బాగుంటుంది గానీ దూరం పోయేకొద్దీ లోపలికి దిగిపోయి ఒరుసుకుంటుంది. కొత్త సీటు కొంచెం పల్చన, కాబట్టి సీటు గొట్టం (సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టం) ఆ మేరకు పైకి లేపాలి. బోల్టు వదులు చేసి ఎంత లాగినా కదల్లేదు. అలాగే తొక్కితే రెండు మూడు రోజుల్లో మోకాలి చిప్ప ముందువైపు నొప్పి మొదలైంది. సీటు కిందికి ఉంటే వచ్చే నొప్పి సరిగ్గా అక్కడే.

మా వీధి చివరి మెకానిక్ దానిమీద చెయ్యి వేసి చూసి, "ఉప్పు పట్టీసింది బాబూ. తొందరపడితే ఫ్రేమే పోద్ది" అన్నాడు. ఫ్రేము స్టీలు, లోపలి గొట్టం అల్యూమినియం. రెండు వేరు లోహాలు తగులుకున్న చోట ఉప్పు తడి చేరితే అది అల్యూమినియాన్ని తినేసి, అలా వచ్చిన తెల్లటి పొడి ఉబ్బి గొట్టాన్ని బిగించేస్తుంది. సముద్రం పక్కన ఇది జరగడానికి ఎన్నో ఏళ్లు అక్కర్లేదు. కొన్న షాపులో గ్రీజు రాయకుండానే బిగించారు, వైజాగ్‌లో సైకిళ్లు అమ్మేవాళ్లు చెయ్యకూడని పని అది. మెకానిక్ నూనె పోసి రాత్రంతా వదిలేశాడు. మర్నాడు సీటు విప్పేసి, గొట్టం తలను వైస్‌లో బిగించి, సైకిల్‌ని తలకిందులు చేసి, ఫ్రేమునే పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. నేను రెండోవైపు పట్టుకున్నాను. చాలాసేపటికి కిర్రుమని కదిలింది. ఫ్రేము దక్కింది, గొట్టం మాత్రం పాడైంది. అదే మందంలో కొత్తది దొరకడానికి మళ్లీ తిరగాల్సి వచ్చింది, ఆ మందంలో కాస్త తేడా ఉన్నా పనికిరాదు. ఇప్పుడు నెలకోసారి గొట్టం బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాసి, సీటు ఎత్తు కోసం పెట్టుకున్న టేపు గుర్తు దగ్గర మళ్లీ బిగిస్తున్నాను.

హ్యాండిల్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. నిటారుగా కూర్చుంటే గాలంతా ఛాతీకే తగులుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నైరుతి గాలి లేచిందంటే భీమిలి నుంచి తిరిగొచ్చే దారి పొడుగునా అది ఎదురే. మంగమారిపేట దాటాక పాత సైకిల్ ఇంతకంటే వేగంగా పోయేదని అనిపించిన రోజులున్నాయి. కైలాసగిరి కింద ఎత్తులో లేచి నిలబడి తొక్కితే మోకాళ్ల దగ్గర కాస్త ఇరుకు. హ్యాండిల్ రెండు చివర్లా చిన్న కొమ్ములు బిగించాక చేతులు మార్చుకునే వీలు దొరికింది, వంగి తొక్కడానికీ కొంత పనికొస్తున్నాయి.

నేనుండేది బీచ్‌కి దగ్గర, తొక్కేది తెల్లవారుజామున, తొందర లేకుండా, వెనక సంచితో. నాకు మళ్లీ కొనాల్సొస్తే ఇదే కొంటాను. గాజువాక నుంచి హైవే మీద వేగంగా వెళ్లేవాళ్లకో, నడుము పైభాగం పొడుగున్నవాళ్లకో ఇదే కొలత ఇరుకుగా ఉండొచ్చు. షాపు చుట్టూ ఒక రౌండు వేస్తే తెలిసేది తక్కువ, కనీసం అరగంట తొక్కనిస్తారేమో అడగండి. డబ్బు కట్టే ముందు సీటు గొట్టం మీ ఎదురుగా బయటికి తీయించి, గ్రీజు ఉందో లేదో చూసుకోండి.