ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగ్‌లు: ఎత్తు తగ్గిన కారు, టైర్ల లెక్క

కారు ఎత్తు తగ్గించే స్ప్రింగ్‌లలో టైర్లను తక్కువ ఇబ్బంది పెట్టే రకం ఐబాక్ కంపెనీ ప్రో-కిట్. మోడల్‌ను బట్టి సుమారు 20 నుంచి 35 మి.మీ. దాకా దించుతుంది. ఇదే కంపెనీ స్పోర్ట్‌లైన్ ఇంకా కిందికి తెస్తుంది; చూపుకు అది బాగున్నా, రోజూ తిరిగే కారుకు ప్రో-కిట్టే సరైన ఎంపిక. అయితే పెట్టెలో వచ్చేవి స్ప్రింగ్‌లు మాత్రమే. అలైన్‌మెంట్‌కూ (చక్రాల కోణాలు సరిచేయడం), అవసరమైతే చక్రం వాలును సర్దే క్యాంబర్ బోల్టులకూ అయ్యే ఖర్చు కూడా ఈ కొనుగోలులో భాగమే. దాన్ని వాయిదా వేస్తే టైరు లోపలి అంచు తీగలు తేలేదాకా అరిగిపోతుంది. బయటి వైపు ట్రెడ్ కొత్తదానిలాగే కనిపిస్తుంటుంది కాబట్టి వంగి చూస్తే తప్ప తెలియదు.

ఈ అరుగుదలకు అందరూ నెగెటివ్ క్యాంబర్‌నే, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటాన్నే, నిందిస్తారు. నిజానికి టో (పైనుంచి చూస్తే చక్రం నేరుగా కాక లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగ్గా ఉంటే 1.5 డిగ్రీల నెగెటివ్ క్యాంబర్‌ను మామూలు టైరు చాలావరకు తట్టుకుంటుంది. అసలు టైరును తినేసేది టో. ఒక చక్రం ఉండాల్సిన దిశ నుంచి 0.25 డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకోండి. లెక్క ప్రకారం కారు 1 కి.మీ. వెళ్లేసరికి ఆ టైరు దాదాపు 4.4 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుంటూ పోవాలి. 10,000 కి.మీ. తిరిగితే 44 కి.మీ. అడ్డపు రాపిడి. దీనికి నెగెటివ్ క్యాంబర్ తోడైతే ఆ రాపిడి అంతా లోపలి అంచు మీదే పడుతుంది. అరుగుదల వేగం టోది, చోటు క్యాంబర్‌ది.

స్ప్రింగ్ మారితే టో ఎందుకు మారుతుందంటే, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్, చక్రాన్ని కింద నుంచి పట్టే లోయర్ ఆర్మ్ రెండూ వేర్వేరు పొడవులతో, వేర్వేరు కేంద్రాల చుట్టూ తిరుగుతాయి. బాడీ కిందికి వచ్చినప్పుడు రెండింటి బయటి కొసలు ఒకే కొలతలో జరగవు. ఆ తేడా చక్రాన్ని లోపలికో బయటికో తిప్పుతుంది. ఎటు అన్నది టై రాడ్‌లను కదిలించే స్టీరింగ్ ర్యాక్ ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి మరో కారుకు కుదిరిన సెట్టింగ్ మీ కారుకు కుదరాలనేం లేదు.

ముందు వైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఒకే నిలువు కాలుగా ఉండే అమరిక) ఉన్న కార్లలో ఇంకో చిక్కుంది. లోయర్ ఆర్మ్ చక్రం వైపు కిందికి వాలి ఉన్నంతవరకు, కారు దిగేకొద్దీ ఆర్మ్ కొసను చక్రానికి కలిపే బాల్ జాయింట్ బయటికి జరిగి నెగెటివ్ క్యాంబర్ పెరుగుతుంది. ఆర్మ్ అడ్డంగా సమతలానికి వచ్చి అక్కడి నుంచి పైకి వాలితే కథ తిరగబడుతుంది: బాల్ జాయింట్ లోపలికి లాగబడుతుంది, మలుపులో బాడీ ఒరిగినప్పుడు అవసరమైన క్యాంబర్ దొరకదు. అప్పుడు టైరు బయటి అంచు అరగడం మొదలవుతుంది. పైగా రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఒరిగే కేంద్రం) కారు బరువు కేంద్రం కంటే ఎక్కువగా పడిపోతుంది, దాంతో బాడీ ఇంకా ఒరగాలని చూస్తుంది, గట్టి స్ప్రింగ్ ఆ లోటును కొంత కప్పిపుచ్చుతుందంతే. ప్రో-కిట్ ఎత్తులో చాలా కార్లు ఈ గీత దాటవు. దీన్ని సిఫారసు చేయడానికి పెద్ద కారణం ఇదే. ఇంకా కిందికి దించాలనుకునేవారు పొడవు పెంచిన బాల్ జాయింట్లు, వాటికి తగిన టై రాడ్ ఎండ్‌లు కూడా లెక్కలో వేసుకోవాలి.

వెనుక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని పలు ఆర్మ్‌లు పట్టే అమరిక) ఉంటే నెగెటివ్ క్యాంబర్ ముందు చక్రాలకంటే ఎక్కువే పెరగొచ్చు. ఫ్యాక్టరీ సర్దుబాటు చాలకపోతే అడ్జస్టబుల్ క్యాంబర్ ఆర్మ్‌లు వేయాలి. వెనుక ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలను కలిపే ఒకే దూలం) ఉన్న కార్లకు ఈ బెడద దాదాపు లేదు. క్యాంబర్, టో రెండూ బీమ్‌లోనే స్థిరంగా ఉంటాయి.

బిగింపులో ఎక్కువమంది మెకానిక్‌లు వదిలేసేది ఆర్మ్ కీళ్లలోని రబ్బరు బుష్‌ల సంగతి. లోయర్ ఆర్మ్ బుష్ లోపలి గొట్టం బోల్టుతో పట్టేస్తుంది, రబ్బరు మాత్రమే మెలి తిరుగుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే బుష్ ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కారు అనుకున్నంత దిగదు, రబ్బరు త్వరగా చిరుగుతుంది, ఆ తర్వాత ఏ అలైన్‌మెంటూ నిలవదు. బోల్టులను వదులుగా పెట్టి, కారును ర్యాంప్ మీద సొంత చక్రాలపై నిలబెట్టి, అప్పుడే కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. స్ట్రట్ పై నట్టు ప్రతిసారీ కొత్తదే వాడాలి. స్ప్రింగ్‌ను నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా ఆ నట్టు విప్పడం ప్రాణాపాయం. కిట్ సూచనల్లో బంప్ స్టాపర్ (సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు తగిలే మెత్తటి ముక్క) కత్తిరించమని ఉంటే, చెప్పిన కొలతకే కత్తిరించండి.

షాక్ అబ్జార్బర్లు పాతబడి ఉంటే వాటి మీద ఈ స్ప్రింగ్‌లు వేయకండి. గట్టి స్ప్రింగ్‌ను అదుపు చేయలేని షాక్ టైరును ఎగరేస్తూ ట్రెడ్ మీద గుంటలు గుంటలుగా అరుగుదల తెస్తుంది. అలైన్‌మెంట్ ఎంత బాగున్నా అది ఆగదు. మార్చేటప్పుడు బిల్‌స్టీన్ బీ8 తీసుకోండి. ఎత్తు తగ్గిన కార్ల కోసం పొట్టిగా చేసిన షాక్ అది, బీ6 మామూలు ఎత్తుకు.

పని అయ్యాక వెంటనే టో సరిచేయించి, స్ప్రింగ్‌లు సర్దుకున్నాక, అంటే 300 నుంచి 500 కి.మీ. తర్వాత, పూర్తి అలైన్‌మెంట్ చేయించాలి. మొదట వెనుక క్యాంబర్, వెనుక టో, ఆ తర్వాత ముందు క్యాంబర్, చివరగా ముందు టో. క్యాంబర్ కదిలితే టో కూడా కదులుతుంది కాబట్టి ఈ క్రమం తప్పకూడదు. క్యాంబర్ బోల్టు అసలు బోల్టు కంటే సన్నగా ఉంటుంది, దాని టార్క్ వేరు. తక్కువ బిగిస్తే ఒక గుంతలో పడగానే జారిపోతుంది.

అలైన్‌మెంట్ యంత్రం తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయని సంతృప్తి పడకండి. ఆ హద్దులు ఫ్యాక్టరీ ఎత్తుకు రాసినవి, టోకు అవి చాలా వదులు. ముందు చక్రాల మొత్తం టో సున్నా నుంచి 0.10 డిగ్రీ టో-ఇన్ (చక్రాల ముందు భాగాలు లోపలికి తిరగడం) మధ్య, ఎడమ కుడి సమానంగా పెట్టమని అడగండి. ప్రింటు చదివేటప్పుడు ప్రమాణం చూడండి (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం): 0.20 డిగ్రీ అంటే 12 నిమిషాలు, 20 నిమిషాలు అంటే 0.33 డిగ్రీ. ఇక్కడ పొరబడితే ఒక సెట్టు టైర్లు పోతాయి.

ఆ తర్వాత నెలకోసారి అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికీ బయటి నుంచి లోపలికీ రుద్ది చూడండి. ఒక దిశలో నున్నగా, మరో దిశలో గరుకుగా తగిలితే టో తప్పింది. అంచు నున్నగా, ఒకే వాలుగా అరిగితే క్యాంబర్. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను కూడా అలైన్‌మెంట్ చేయించిన రోజే సున్నా చేయించాలి. విండ్‌షీల్డ్ కెమెరా ఉన్న కారైతే దాని క్యాలిబ్రేషన్, హెడ్‌లైట్ ఎత్తు కూడా చూపించాలి.