కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్ లోడ్ కావట్లేదా: సరిచేయాలా, పాత కాపీ పెట్టాలా?

విశాఖ రుషికొండ ఐటీ హిల్స్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఈ టెన్షన్ తెలిసిందే.

సమయం: పాత కాపీ పెట్టడం నిమిషాల పని. తప్పు వెతకడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

శ్రమ: వెతికితే దొరికేవి ఎక్కువగా చిన్న తప్పులే. యామల్ (YAML) ఫార్మాట్ ఫైల్‌లో ఇండెంట్‌కి, అంటే లైన్ మొదట్లో వదిలే ఖాళీకి, స్పేస్‌లే వాడాలి, ట్యాబ్‌ని ఒప్పుకోదు. జేసన్ (JSON) ఫార్మాట్‌లో చివరి విలువ తర్వాత కామా ఉండకూడదు, వివరణగా రాసుకునే కామెంట్లూ కుదరవు. ఎర్రర్ చూపించిన లైన్‌తో పాటు దాని పై లైన్ కూడా చూడండి. ఇంజిన్‌ఎక్స్ (nginx) వెబ్ సర్వర్‌కైతే రీస్టార్ట్‌కి ముందే ఫైల్‌ని పరీక్షించే కమాండ్ ఉంది. ఎందుకో చాలామంది వాడరు.

రిస్క్: పాత కాపీతో మధ్యలో చేసిన మార్పులు పోతాయి. పాడైన ఫైల్‌ని వేరే పేరుతో దాచకపోతే కారణం కూడా పోతుంది.

సర్వర్ ఆగి కస్టమర్ల ఫోన్లు మోగుతుంటే పాతదే పెట్టండి. టెస్ట్ మెషీనైనా, ఫైల్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పాత వెర్షన్ లేకపోయినా, కూర్చుని వెతకడమే.